రాతిలో దొరికిన ఈక

పెరట్లో తిరిగే కోడిని దగ్గరగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. దాని ఒళ్ళంతా మెత్తని ఈకలు కప్పి ఉంటాయి. కాళ్ళ కింది భాగంలో మాత్రం ఈకలకు బదులు గరుకైన పొలుసులు ఉంటాయి. తొండ ఒంటిమీది పొలుసుల్లాగా అవి ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్లు ఉంటాయి. కాకి కాళ్ళూ, కొంగ కాళ్ళూ, నెమలి కాళ్ళూ అంతే. ఈకలు పక్షులకు గుర్తు. పొలుసులు బల్లి, పాము, మొసలి వంటి సరీసృపాలకు గుర్తు. ఈ రెండు గుర్తులూ ఒకే ప్రాణి ఒంటిమీద ఎందుకున్నాయి? పక్షులకూ సరీసృపాలకూ ఏదైనా చుట్టరికం ఉందా?

కాళ్ళమీది పొలుసులను మాత్రమే చూసి ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పలేము. ఎముకలు చూడాలి. ఈనాటి జీవుల ఎముకలే కాదు, కోట్ల సంవత్సరాల కిందట బతికిన జీవుల ఎముకలూ చూడాలి. అలాంటి ఎముకలు రాతిలో భద్రంగా మిగిలితే వాటిని శిలాజాలు అంటారు. పక్షుల పుట్టుకను గురించి మనకు మొదటి సాక్ష్యం చెప్పిన శిలాజం జర్మనీ దేశంలో దొరికింది. ఆ జీవి పేరు ఆర్కియోప్టెరిక్స్.

జర్మనీలో దక్షిణాన బవేరియా అనే ప్రాంతం ఉంది. అక్కడ జోల్న్‌హోఫెన్ అనే ఊరి చుట్టుపక్కల సున్నపురాతి గనులు ఉన్నాయి. మన ఇళ్ళలో నేలకు పరిచే షాబాదు బండలను చాలామంది చూసే ఉంటారు. జోల్న్‌హోఫెన్ రాయి కూడా అలాగే పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెట్టి కొడితే పలకలుగా విడిపోతుంది. ఆ పలకలను అక్కడివారు ఇళ్ళలో నేలకు పరచుకునేవారు, పైకప్పులకూ వాడేవారు. 18వ శతాబ్దం చివర ఆలోయిస్ జెనెఫెల్డర్ అనే ఆయన రాతి అచ్చును కనిపెట్టాడు. రాతిమీద జిడ్డు సిరాతో బొమ్మ గీసి, దాన్ని కాగితం మీదికి దింపే పద్ధతి అది. దానికి గరుకు లేని సన్నని రాయి కావాలి. జోల్న్‌హోఫెన్ రాయి అందుకు చక్కగా పనికివచ్చింది. దాంతో గనులలో పని పెరిగింది. కార్మికులు ఒక్కొక్క పలకనే చేతితో విడదీసి, మచ్చ గానీ గీత గానీ ఉందేమోనని పరిశీలించి పక్కన పెట్టేవారు. ఇలా చూస్తున్నప్పుడే కొన్ని పలకలలో చేపలు, రొయ్యలు, తూనీగల ముద్రలు కనిపించేవి.

ఆ ముద్రలు అక్కడికి ఎలా వచ్చాయి? సుమారు 15 కోట్ల సంవత్సరాల కిందట ఆ ప్రాంతమంతా వెచ్చని లోతులేని సముద్రం. అక్కడక్కడ చిన్న చిన్న దీవులు ఉండేవి. దీవుల నడుమ, దిబ్బల చాటున, నీరు పెద్దగా కదలని మడుగులు ఏర్పడ్డాయి. ఎండకు నీరు ఆవిరవుతూ ఉండడంవల్ల వాటి అడుగున ఉప్పు ఎక్కువగా ఉండేది, ప్రాణవాయువు తక్కువగా ఉండేది. అక్కడ జీవులు బతకడం కష్టం. అందువల్ల చచ్చి అడుగుకు చేరిన ప్రాణిని పీక్కుతినేవీ లేవు. దానిమీద పిండివంటి సున్నపు బురద మెల్లమెల్లగా పేరుకుపోయింది. కాలక్రమాన ఆ బురద గట్టిపడి రాయి అయింది. బురద అంత మెత్తనిది కాబట్టే తూనీగ రెక్కలోని సన్నని నరాలు కూడా ఆ రాతిలో అచ్చుపడ్డాయి.

ఆ గనిలో ఒకనాడు విడదీసిన పలకలో ఒక ఈక కనిపించింది. దాని పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. హెర్మన్ ఫాన్ మేయర్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని పరిశీలించి 1861లో ఆ వార్తను లోకానికి తెలియజేశాడు. ఆ ఈక అచ్చం ఈనాటి పక్షి ఈకలాగే ఉంది. నడుమ ఈనె ఉంది. ఈనెకు ఒక పక్క భాగం సన్నగా, రెండో పక్క భాగం వెడల్పుగా ఉంది. ఎగిరే పక్షుల రెక్కలలోని పెద్ద ఈకలు ఇలాగే ఉంటాయి. కాకి రెక్కనుంచి రాలిన ఈకను తీసుకొని ఎవరైనా పోల్చి చూడవచ్చు. గాలిని కోసుకుపోయే ముందు పక్క సన్నగా, వెనక పక్క వెడల్పుగా కనిపిస్తుంది. 15 కోట్ల సంవత్సరాల నాటి రాతిలో ఇలాంటి ఈక ఉంటుందని అప్పటివరకు ఎవరూ అనుకోలేదు. ఫాన్ మేయర్ ఆ జీవికి ఆర్కియోప్టెరిక్స్ లితోగ్రాఫికా అని పేరుపెట్టాడు. గ్రీకు భాషలో ఆర్కియో అంటే పురాతనమైన, ప్టెరిక్స్ అంటే రెక్క లేదా ఈక. లితోగ్రాఫికా అన్నది రాతి అచ్చును తెలిపే మాట.

అదే సంవత్సరం ఆ ప్రాంతంలోనే ఈకల ముద్రలతో సహా ఒక అస్థిపంజరం కూడా దొరికింది. అది కార్ల్ హేబర్‌లైన్ అనే వైద్యుని చేతికి చేరింది. ఆయన శిలాజాలు సేకరించేవాడు. గని కార్మికులు వైద్యానికి డబ్బు ఇవ్వలేక శిలాజాలు ఇచ్చేవారని చెబుతారు. ఈ సంగతి తెలియగానే యూరపు శాస్త్రజ్ఞులలో కలకలం పుట్టింది. దానికి కారణం తెలియాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1859లో ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ జాతుల పుట్టుకను గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. జీవజాతులు మొదటినుంచీ ఇప్పుడున్నట్లే లేవనీ, ఎంతో కాలంగా కొద్దికొద్దిగా మారుతూ ఒక జాతి నుంచి మరికొన్ని జాతులు ఏర్పడ్డాయనీ ఆయన సిద్ధాంతం. దీన్నే జీవపరిణామ సిద్ధాంతం అంటారు. ఆనాడు చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. వారు వేసిన ప్రశ్న న్యాయమైనదే. ఒక రకం జీవి మరో రకంగా మారితే, ఆ రెండింటికీ నడుమ ఉన్న జీవులు ఎక్కడ? సగం సరీసృపం, సగం పక్షి వంటి ప్రాణిని ఎవరైనా చూశారా? ఈ లోటు తన సిద్ధాంతానికి గట్టి అభ్యంతరమని డార్విన్ కూడా ఒప్పుకున్నాడు. చచ్చిన జీవులలో చాలా కొద్ది మాత్రమే శిలాజాలుగా మిగులుతాయనీ, మిగిలినవాటిలో మనం తవ్వితీసినవి మరీ కొద్ది అనీ ఆయన సమాధానం చెప్పాడు. ఆ సమాధానం నిజమైతే, వెతికేకొద్దీ నడిమి జీవులు దొరకాలి. సరిగ్గా రెండేళ్ళకు ఆర్కియోప్టెరిక్స్ దొరికింది.

మ్యూనిక్ నగరంలోని ఆంద్రియాస్ వాగ్నర్ అనే ఆచార్యుడు ఈ వార్త విని కలవరపడ్డాడు. అస్థిపంజరాన్ని తాను చూడకుండానే, ఇతరులు చెప్పిన వర్ణననుబట్టి, అది పక్షి కాదనీ, ఈకల వంటి అలంకారం ఉన్న సరీసృపం మాత్రమేననీ రాశాడు. డార్విన్ పక్షంవారు దీన్ని తమకు సాక్ష్యంగా వాడుకుంటారేమోనని ముందుగానే హెచ్చరించాడు. లండనులోని బ్రిటిష్ మ్యూజియం మాత్రం ఆలస్యం చేయలేదు. 1862లో హేబర్‌లైన్ దగ్గర ఉన్న ఇతర శిలాజాలతో కలిపి ఆ అస్థిపంజరాన్ని 700 పౌండ్లకు కొన్నది. ఆ రోజులలో అది చాలా పెద్ద మొత్తం. దాన్ని కొనిపించిన రిచర్డ్ ఓవెన్ కూడా డార్విన్ సిద్ధాంతాన్ని వ్యతిరేకించినవాడే. ఆయన 1863లో ఆ ఎముకలను వివరంగా వర్ణించి, అది పక్షే అని తేల్చాడు. సరీసృపం అని ఒకరు, పక్షి అని మరొకరు అన్నారు. రెండు వాదాలకూ చోటు ఇవ్వడమే ఆ జీవి ప్రత్యేకత. డార్విన్ 1866లో వెలువడిన తన గ్రంథం నాలుగవ కూర్పులో ఆర్కియోప్టెరిక్స్‌ను పేర్కొన్నాడు.

లండను పలకలో తల భాగం సరిగా లేదు. ఆ లోటు 1870ల నడుమ దొరికిన మరో శిలాజం తీర్చింది. ఐక్‌ష్టెట్ అనే పట్టణం దగ్గర యాకబ్ నీమయర్ అనే రైతుకు అది దొరికింది. దాని విలువ తెలియని నీమయర్ దాన్ని ఇచ్చి ఒక ఆవును కొనుక్కున్నాడని చెబుతారు. అది చేతులు మారి హేబర్‌లైన్ కుమారునికి చేరింది. ఈసారి దేశం దాటి పోకూడదని జర్మనీ పట్టుదల పట్టింది. పారిశ్రామికుడు వెర్నర్ ఫాన్ సీమెన్స్ 20,000 మార్కులు చెల్లించడంతో అది బెర్లిన్ మ్యూజియానికి దక్కింది. తల వెనక్కి వంచి, రెండు రెక్కలూ చాచి ఉన్న ఆ అస్థిపంజరం ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

ఇంతకూ ఆర్కియోప్టెరిక్స్ ఎలా ఉండేది? దొరికిన వాటిలో చిన్నది పావురం అంత, పెద్దది పెద్ద కాకి అంత ఉన్నాయి. రెక్కలకు, తోకకు ఈనాటి పక్షులకు ఉన్నట్లే ఈకలు ఉన్నాయి. జత్రుకలు రెండూ కలిసిపోయి పంగలకర్ర ఆకారంలో ఒకే ఎముకగా ఏర్పడ్డాయి. కోడిని కోసినప్పుడు మెడ కింద ఇలాంటి ఎముకే కనిపిస్తుంది. ఇవి పక్షి లక్షణాలు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఈనాటి ఏ పక్షికీ నోట్లో పళ్ళు లేవు. ఆర్కియోప్టెరిక్స్ దవడలలో సన్నని మొనదేలిన పళ్ళు ఉన్నాయి. ఈనాటి పక్షుల తోక ఎముక చాలా పొట్టిది. చివరి వెన్నుపూసలన్నీ కలిసిపోయి చిన్న ముక్కగా మారిపోయాయి. మనం తోక అనుకునేది ఎక్కువగా ఈకలే. ఆర్కియోప్టెరిక్స్‌కు మాత్రం ఇరవైకి పైగా వెన్నుపూసలతో బల్లి తోక వంటి పొడవైన తోక ఉంది. ఆ తోకకు రెండు పక్కలా ఈకలు వరుసగా అమరి ఉన్నాయి. ఈనాటి పక్షుల రెక్కలలో వేళ్ళ ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఉంటాయి. ఆర్కియోప్టెరిక్స్ రెక్కలో మూడు వేళ్ళు విడివిడిగా, వంకర గోళ్ళతో ఉన్నాయి. బాగా ఎగిరే పక్షులకు రొమ్ము ఎముక మీద పడవ అడుగు వంటి గట్టు ఉంటుంది. రెక్కలాడించే బలమైన కండరాలు దానికే అంటుకుని ఉంటాయి. ఆర్కియోప్టెరిక్స్‌కు అటువంటి గట్టు కనిపించదు. ఇవన్నీ సరీసృప లక్షణాలు.

మరి ఏ సరీసృపానికి దగ్గర? ఇంగ్లండులో థామస్ హక్స్‌లీ అనే శాస్త్రజ్ఞుడు 1868లో ఈ ప్రశ్నకు జవాబు సూచించాడు. జోల్న్‌హోఫెన్ రాతిలోనే దొరికిన కాంప్సోగ్నాథస్ అనే చిన్న రాక్షసబల్లి ఎముకలను ఆయన గమనించాడు. రాక్షసబల్లులు అనగానే కొండంత ఆకారాలు గుర్తుకు వస్తాయి. అన్నీ అంత పెద్దవి కావు. కాంప్సోగ్నాథస్ దాదాపు కోడి అంత ఉండేది, రెండు కాళ్ళమీద నడిచేది. దాని కాళ్ళు, పాదాలు పక్షి కాళ్ళను పోలి ఉన్నాయి. పక్షులు రాక్షసబల్లులకు దగ్గర చుట్టాలని హక్స్‌లీ వాదించాడు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. రాక్షసబల్లులలో ఎన్నో శాఖలు ఉన్నాయి. తెలంగాణలో ప్రాణహిత-గోదావరి లోయలోని రాళ్ళలో దొరికిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టారు. అది నాలుగు కాళ్ళమీద నడిచిన, పొడవు మెడ గల, ఆకులు తినే రకం. పక్షుల చుట్టరికం ఆ శాఖతో కాదు. రెండు కాళ్ళమీద పరుగెత్తుతూ, ఎక్కువగా మాంసం తిని బతికిన శాఖతో.

హక్స్‌లీ మాట చాలాకాలం నిలవలేదు. డెన్మార్కు దేశస్థుడు గెర్హార్డ్ హైల్మన్ పక్షుల పుట్టుకపై రాసిన గ్రంథం 1926లో ఇంగ్లీషులో వెలువడింది. పక్షులకూ ఈ రాక్షసబల్లులకూ ఉన్న పోలికలను ఆయన ఎంతో శ్రద్ధగా చూపించాడు. అయినా చివరకు చుట్టరికాన్ని కాదన్నాడు. కారణం పంగలకర్ర ఎముక. రాక్షసబల్లులకు జత్రుకలు లేవని ఆనాడు అనుకునేవారు. ఒకసారి పోయిన అవయవం సంతతిలో మళ్ళీ పుట్టదు కాబట్టి, జత్రుకలు లేని జీవుల నుంచి జత్రుకలున్న పక్షులు రాలేవని హైల్మన్ తర్కం. ఆ తర్కంలో తప్పు లేదు. తప్పు ఆధారంలో ఉంది. తరవాతి కాలంలో ఈ శాఖకు చెందిన ఎన్నో రాక్షసబల్లులలో పంగలకర్ర ఎముక దొరికింది. అంతకుముందు ఆ సన్నని ఎముక కొన్నిచోట్ల రాలిపోయింది, కొన్నిచోట్ల కళ్ళ ఎదుట ఉన్నా మరో ఎముకగా పొరబడ్డారు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ తేడా గుర్తించకపోవడంవల్ల సుమారు నాలుగు దశాబ్దాలపాటు ఈ పరిశోధన పక్కదారి పట్టింది.

దాన్ని మళ్ళీ దారికి తెచ్చినవాడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఆస్ట్రమ్. 1964లో ఆయన మోంటానా రాష్ట్రంలో డైనోనికస్ అనే రాక్షసబల్లి ఎముకలు తవ్వితీశాడు. 1969లో దానికి పేరుపెట్టి వర్ణించాడు. అది చురుకుగా పరుగెత్తి వేటాడిన జంతువు. దాని చేతులు పొడవైనవి. మణికట్టులో అర్ధచంద్రాకారంలో ఒక చిన్న ఎముక ఉంది. ఆ ఎముకవల్ల చేతిని పక్కకు మడవడం వీలవుతుంది. పక్షి రెక్కను మడిచేది కూడా ఇలాగే. ఆర్కియోప్టెరిక్స్ మణికట్టులో కూడా ఆస్ట్రమ్ అదే పోలిక చూశాడు. ఒక్కొక్క ఎముకనే పక్కపక్కన పెట్టి పోల్చి, పక్షులు రాక్షసబల్లుల సంతతేనని 1970లలో బలంగా వాదించాడు.

ఈ పరిశోధనలో ఉండగా 1970లో ఆస్ట్రమ్ నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ నగరానికి వెళ్ళాడు. అక్కడి టైలర్స్ మ్యూజియంలో 1855లో దొరికిన ఒక శిలాజం ఉంది. దాన్ని ఎగిరే సరీసృపంగా వర్గీకరించి శతాబ్దానికి పైగా బీరువాలో ఉంచారు. అలా వర్గీకరించినది మరెవరో కాదు, తరవాత ఆర్కియోప్టెరిక్స్‌కు పేరుపెట్టిన ఫాన్ మేయరే. ఆస్ట్రమ్ ఆ రాతిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో ఏటవాలుగా పట్టుకొని చూశాడు. సన్నని ఈకల ముద్రలు కనిపించాయి. నిజం చెబితే అంత విలువైనదాన్ని మ్యూజియంవారు ఇంటికి తీసుకుపోనివ్వరేమోనన్న భయం ఒకవైపు, దాచడం తగదన్న మనస్సాక్షి ఒకవైపు. ఆయన నిజమే చెప్పాడు. మ్యూజియం అధికారి రాతిని తీసుకొని లోపలికి వెళ్ళిపోయాడు. కొంతసేపటికి దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టి, దారంతో కట్టి తెచ్చి ఆయన చేతికే ఇచ్చాడని చెబుతారు. కథ అక్కడితో ముగియలేదు. 2017లో మరికొందరు శాస్త్రజ్ఞులు దాన్ని తిరిగి పరిశీలించి, అది ఆర్కియోప్టెరిక్స్ కాదనీ, దానికి దగ్గరి చుట్టమైన మరో జీవి అనీ నిర్ణయించారు. ఆస్ట్రమ్ గౌరవార్థం దానికి ఆస్ట్రోమియా అని పేరుపెట్టారు.

ఇలాంటి పొరపాటు మరోచోట కూడా జరిగింది. 1951లో ఐక్‌ష్టెట్ దగ్గర దొరికిన శిలాజాన్ని చిన్న కాంప్సోగ్నాథస్ అనుకున్నారు. 1970లలోగాని అది ఆర్కియోప్టెరిక్స్ అని తేలలేదు. దానిమీద ఈకల ముద్రలు అంత స్పష్టంగా లేకపోవడమే దీనికి కారణం. ఈకలు కనిపించనప్పుడు ఆరితేరినవారు కూడా దాన్ని రాక్షసబల్లి అనుకున్నారంటే, ఆ రెండింటి ఎముకలు ఎంత దగ్గరగా ఉన్నాయో అర్థమవుతుంది. ఆ పొరపాటే చుట్టరికానికి మంచి సాక్ష్యం.

అయితే అసలు సాక్ష్యమే దొంగదైతే? 1985లో ఇంగ్లండుకు చెందిన ప్రసిద్ధ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్, మరికొందరు కలిసి ఈ ఆరోపణే చేశారు. రాక్షసబల్లి అస్థిపంజరం మీద రాతిపొడి కలిపిన పూత పూసి, దానిపై కోడి ఈకలు అద్ది లండను శిలాజాన్ని తయారుచేశారని వారి వాదన. మ్యూజియం శాస్త్రజ్ఞులు కోప్పడి ఊరుకోలేదు. పలకను మళ్ళీ సూక్ష్మదర్శిని కింద పెట్టారు. రాయి చీలినప్పుడు రెండు పలకలు ఏర్పడతాయి. ఒకదానిలో ఉన్న గీతకు రెండోదానిలో జత ఉండాలి. రాతిలో వెంట్రుకవంటి సన్నని పగుళ్ళు ఎన్నో కనిపించాయి. అవి ఈకల ముద్రల మీదుగా సాగుతున్నాయి. రెండు పలకలలోని పగుళ్ళూ సరిగ్గా ఒకదానితో ఒకటి కలిశాయి. పైన పూత పూసి ఉంటే ఆ పగుళ్ళు పూతకింద మూసుకుపోయేవి. ఈకల ముద్రలు నిజమైనవేనని 1986లో వారు రుజువులతో ప్రకటించారు. అనుమానించడం తప్పు కాదు. అనుమానాన్ని పరీక్షకు పెట్టకపోవడం తప్పు.

1996లో చైనా దేశంలోని లియావోనింగ్ రాష్ట్రం నుంచి మరో వార్త వచ్చింది. సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న రాక్షసబల్లి శిలాజంలో వీపు పొడవునా నూగువంటి ఈకలు కనిపించాయి. దానికి రెక్కలు లేవు. అది ఎగిరే జీవి కాదు. ఆ తరవాత అక్కడి రాళ్ళలో ఈకలున్న రాక్షసబల్లులు ఒకదాని వెంట ఒకటి దొరికాయి. వాటిలో ఆంకియోర్నిస్ అనేది ఆర్కియోప్టెరిక్స్ కంటే సుమారు ఒక కోటి సంవత్సరాలు పాతది. దీనినిబట్టి ఒక ముఖ్యమైన సంగతి తెలిసింది. ఈకలు ఎగరడం కోసం పుట్టలేదు. మొదట అవి ఒంటిని వెచ్చగా ఉంచడానికి, రంగులతో తోటి జీవులను ఆకర్షించడానికి ఉపయోగపడి ఉంటాయి. ఎగరడానికి పనికిరావడం తరవాతి సంగతి. ఒక పనికోసం ఉన్న అవయవం కాలక్రమాన మరో పనికి అక్కరకు రావడం ప్రకృతిలో తరచుగా జరిగేదే.

అయితే ఆర్కియోప్టెరిక్స్ ఎగిరేదా? ఈ ప్రశ్నకు కొత్త సాధనాలు జవాబు వెతుకుతున్నాయి. 2018లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో చాలా శక్తిగల ఎక్స్ కిరణాలతో శిలాజాన్ని పగలగొట్టకుండానే ఎముకల లోపలి నిర్మాణాన్ని చూశారు. రెక్క ఎముకల గోడల మందం, ఆకారం అవసరానికి కొద్దిదూరం మాత్రమే ఎగిరే ఫెజంట్ పక్షుల ఎముకలను పోలి ఉన్నాయి. మన అడవికోళ్ళు ఆ కుటుంబంలోవే. అమెరికాలోని షికాగో మ్యూజియంలో ఉన్న మరో ఆర్కియోప్టెరిక్స్‌పై పరిశోధన 2025లో వెలువడింది. దండచేతికీ ఒంటికీ నడుమ ఉన్న ఖాళీని మూసే పొడవైన ఈకలు అందులో కనిపించాయి. ఆ ఖాళీ అలాగే ఉంటే గాలి దానిగుండా జారిపోయి రెక్క ఒంటిని ఎత్తలేదు. దగ్గరి చుట్టాలైన ఎగరని రాక్షసబల్లులకు అటువంటి ఈకలు కనిపించలేదు. గద్దలాగా గంటలకొద్దీ గాలిలో తేలకపోయినా, ఆర్కియోప్టెరిక్స్ కొద్దిదూరమైనా ఎగరగలిగి ఉంటుందని ఈ సాక్ష్యాలు చెబుతున్నాయి.

ఆర్కియోప్టెరిక్స్ ఈనాటి పక్షులన్నింటికీ మూలపురుషుడా అంటే, అలా చెప్పడానికి ఆధారం లేదు. ఒక కుటుంబంలో పెదనాన్న ముఖంలో తాతగారి పోలికలు కనిపిస్తాయి. అంతమాత్రాన పెదనాన్న తండ్రి కాడు. కాని తాతగారిని ఎన్నడూ చూడనివారు ఆయన రూపాన్ని ఊహించుకోవడానికి పెదనాన్న ముఖం సాయపడుతుంది. ఆర్కియోప్టెరిక్స్ అలాంటి దగ్గరి చుట్టం. రాక్షసబల్లుల వంశం నుంచి పక్షుల శాఖ చీలిన చోటుకు అది చాలా దగ్గరగా నిలబడి ఉంది. చీలికకు ఇటుపక్కనా అటుపక్కనా అని శాస్త్రజ్ఞులు వాదించుకోవడం కూడా సహజమే. నడుమ నిలిచిన జీవి విషయంలో కాకపోతే మరెక్కడ అటువంటి వాదం వస్తుంది?

6.6 కోట్ల సంవత్సరాల కిందట రాక్షసబల్లులు అంతరించాయని పుస్తకాలలో చదువుతాం. ఆర్కియోప్టెరిక్స్ చెప్పిన సాక్ష్యంతో ఆ వాక్యాన్ని కొంచెం సవరించుకోవలసి ఉంటుంది. ఆ వంశంలోని ఒక శాఖ అంతరించలేదు. పళ్ళు పోగొట్టుకుని, తోక కురచ చేసుకుని, రెక్కలు బలపరచుకుని అది నేటికీ బతికే ఉంది. చెరువు గట్టున నిలిచిన కొంగ, తాటిచెట్టుకు గూడు అల్లుకునే గిజిగాడు, అన్నీ ఆ శాఖలోవే.

ఈ జ్ఞానం ఒక్కరోజులో గానీ, ఒక్కరివల్ల గానీ రాలేదు. పలక విడదీసి పరీక్షగా చూసిన గని కార్మికుడు, దాన్ని దాచిన వైద్యుడు, దాన్ని వర్ణించిన పండితుడు, ఆ వర్ణనను శంకించినవాడు, శంకను పరీక్షించినవాడు, అందరికీ ఇందులో పాలు ఉంది. తప్పులు చేసినవారూ అందులో ఉన్నారు. వారి తప్పులను దిద్దడానికి ఆధారంగా నిలిచింది మాత్రం ఎవరి మాటా కాదు. మ్యూజియంలలో నేటికీ భద్రంగా ఉన్న ఆ రాతిపలకలే. ఎప్పుడు, ఎవరు, ఎంత శ్రద్ధగా చూస్తే అంత చెప్పడానికి అవి సిద్ధంగా ఉన్నాయి.